తాడు లాగే చెయ్యి

సింగపూర్‌లో, సెంబవాంగ్ సముద్రం ఒడ్డున, పాత నేవీ బంగళాల వెనకాల ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడ్డాక అటు పోవద్దంటారు. ఎందుకంటే అందులో మనిషి లేకుండానే ఒక ఇంజన్ మోగుతుంది...

ఇది నేను చూసింది కాదు. నా స్నేహితుడు నిశాంత్ చెప్పాడు. వాడికి వాళ్ళ కింది అంతస్తులో ఉండే మలయ్ అంకుల్ చెప్పాడు. ఆ అంకుల్‌కి ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి. అంత ఆరా తీస్తే ఏ దెయ్యమూ నిలవదు.

యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్ళు వచ్చేస్తున్నారని తెలిసి, ఒక తెల్ల మెకానిక్ పడవలో పారిపోదామని ఇంజన్ తాడు లాగాడట. లాగాడు... లాగాడు... అది అంటుకోలేదు. చచ్చాక కూడా లాగుతూనే ఉన్నాడట. ఈమధ్య మూడు వారాలుగా మాత్రం అంటుకుంటోందట! సరిగ్గా ఒక్క నిమిషం ఫట్ ఫట్ ఫట్‌మని మోగి — ఠక్కున ఆగిపోతుంది.

"ఒక్క నిమిషంలో ఎంత దూరం పారిపోతాడ్రా, పాపం?" అని నవ్వాను. నిశాంత్ నవ్వలేదు.

అది రెండువేల ఒకటి. నిన్నటిదాకా పిజ్జా పార్టీలు చేసుకున్న డాట్‌కామ్ కంపెనీలు కుర్చీలు అమ్ముకుంటున్న రోజులు. మేనేజర్ వచ్చి "ఐదు నిమిషాలు టైముందా?" అని మెత్తగా అడిగితే చాలు, మాకు చెమటలు పట్టేవి. అంతకన్నా పెద్ద దెయ్యాన్ని నేనింకా చూడలేదు.

నిశాంత్ సెంబవాంగ్‌లో ముఖ్తార్ భాయ్ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. ముఖ్తార్ భాయ్‌ది వరంగల్. సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్. భార్య మాజిదా, ఆరేళ్ళ కూతురు షిఫా.

ఒకరోజు వంటింట్లో మాజిదా గొంతు తగ్గించి పిలిచింది.

"నిశాంత్ తమ్మీ... మీ భాయ్‌ని ఏదో పట్టుకున్నది."

"ఏంది భాభీ?"

"అంగీలు పెట్రోల్ వాసన కొడ్తున్నయ్. గోర్ల సందుల మసి. కంప్యూటర్ పనికి మసెట్లయితది? ఇంకోటి..." తలుపు వైపు చూసింది. "నిద్రల కుడిచెయ్యి గుంజుతడు. ఇట్ల... తాడు పట్టుకొని లాగినట్టు. రాత్రంత."

నిశాంత్‌కి వెంటనే తట్టింది. తాడు... పెట్రోలు... షెడ్డు!

"నాకు దయ్యమంటే భయం లేదు తమ్మీ. నౌకరి పోయిందేమోనని భయం. నౌకరి పోతే వర్క్ పాస్ పోతది. ముప్పై దినాలల్ల దేశం ఇడిచిపెట్టాలె. షిఫా మొన్ననే బడిల చేరింది. ఆ షెడ్డు ముచ్చట నేను గూడ విన్న. నువ్వే పోయి చూసి రా. దయ్యమే అయితే... మంచిగుంటది."

మర్నాడు రాత్రి ఏడున్నరకి నిశాంత్ బస్సు దిగి నడిచాడు. బంగళా కిటికీలకి అద్దాల్లేవు. మోకాళ్ళ దాకా గడ్డి. నీళ్ళకవతల పక్క దేశపు ఒడ్డున జోహోర్ దీపాలు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి గుప్పున పెట్రోల్ వాసన.

గర్ర్...

లోపల ఎవరో తాడు లాగారు.

గర్ర్...

నిశాంత్ హనుమాన్ చాలీసా మొదలుపెట్టాడు. రెండో లైను గుర్తురాలేదు.

గర్ర్ — ఫట్ ఫట్ ఫట్ ఫట్!

రేకులన్నీ వణికాయి. ఒక్క నిమిషం... ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి మెల్లగా ఒక గొంతు.

"నిశాంత్... లోపలికి రా."

నిశాంత్ తలుపు సందులోంచి తొంగి చూశాడట. లోపల టార్చి వెలిగింది. బనీను మీద ముఖ్తార్ భాయ్! మేకుకి చొక్కా, టై, ఆఫీసు బ్యాడ్జీ వేలాడుతున్నాయి. ముందు ఒక చిన్న జనరేటర్ ఇంజన్.

"నీ చెప్పుల చప్పుడు నాకు తెల్వదా? కూసో."

"భాయ్... నౌకరి?"

"పోయి ఇరవై నాలుగు దినాలు."

షెడ్డులో దొరికినప్పుడు ఆ ఇంజన్ పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉందట. కిరసనాయిలులో నానబెట్టాడు, రింగులకి పట్టిన మసి గీకాడు, ఊడదీసిన ప్రతి ముక్కనీ పేపర్ మీద వరుసగా పేర్చి పసుపు చీటీ మీద నంబరు రాసి అంటించాడు. ప్రోగ్రామర్ కదా, అలవాటు ఎక్కడికి పోతుంది!

"ఇప్పిన వరుస తిరగేసి బిగిస్తే నడుస్తది," అన్నాడు. "ఇంజన్ మోసం చెయ్యదు తమ్మీ."

మాట్లాడుతూనే స్పార్క్ ప్లగ్ విప్పుతున్నాడు.

"మంచిగనే నడిచింది కదా భాయ్! మళ్ళీ ఎందుకిప్పుతున్నవ్?"

ముఖ్తార్ భాయ్ ప్లగ్గుని తుడిచి, ఒకటో నంబరు చీటీ పక్కన పెట్టాడు.

"ఇప్పకపోతే... రేపు ఏం చెయ్యాలె?"

కార్బురేటర్ ఊడదీసినప్పుడల్లా దానికీ ఇంజన్‌కీ మధ్యలో ఉన్న అట్ట గ్యాస్కెట్ చిరిగిపోతుంది. కొత్తది కావాలి. భాయ్ తన విజిటింగ్ కార్డు తీసి బ్లేడుతో కోశాడు. నడుమ ఒక గుండ్రటి కన్నం, అటూ ఇటూ బోల్టులకి రెండు చిన్నవి.

"ముప్పై తెచ్చుకున్న. దినానికొకటి."

డబ్బాలో ఇంకా ఆరున్నాయి.

ఇంటికొచ్చాక మాజిదా అడిగింది. నిశాంత్ ఆమె మొహంలోకి చూడలేక గోడ మీది కాలెండర్‌కి చెప్పాడు — "దయ్యమే భాభీ."

"మంచిది," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ముఖ్తార్ భాయ్ టిఫిన్ డబ్బా పక్కన చిన్న సీసాలో కొబ్బరినూనె, ఒక బట్ట పేలిక ఉన్నాయట. గోళ్ళ మసి తుడుచుకోవడానికి.

కార్డులైపోయాయి. షిఫా బడి బ్యాగుతోనే విమానమెక్కింది.

ఇక్కడితో కథ అయిపోవాలి, దెయ్యం దొరికింది కాబట్టి. కానీ రెండు నెలల తర్వాత మలయ్ అంకుల్ మళ్ళీ మొదలుపెట్టాడు. షెడ్డు మోగుతోందట. సరిగ్గా ఒక్క నిమిషం.

నాకంతకన్నా ఏం కావాలి! నిశాంత్‌ని వారం రోజులు వదల్లేదు. "భాయ్ వరంగల్లో ఉన్నాడు కదరా, మరి తాడు లాగేదెవరు? ఆ తెల్లోడేనా? వాడి పడవ ఇంకా కదల్లేదా?"

"అయ్యుండొచ్చు," అన్నాడు వాడు.

సోమవారం పొద్దున ట్రైన్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. వాడు నున్నగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని, ఎక్కీ ఎక్కగానే నా భుజం మీద నిద్రపోయాడు. ఒళ్ళో వాడి కుడిచెయ్యి ఒకసారి విసురుగా వెనక్కి వచ్చింది. కలలో బస్సు పట్టుకుంటున్నాడనుకున్నా. తమాషాకి వాడి మొహం మీద మీసం గీద్దామని జేబులోంచి పెన్ను లాగాను.

దాంతోపాటు వాడి విజిటింగ్ కార్డు వచ్చింది.

పేరుంది. ఫోన్ నంబరుంది. కంపెనీ పేరుండాల్సిన చోట... గుండ్రటి కన్నం. అటూ ఇటూ రెండు చిన్నవి.

కార్డు ఎలా ఉన్నది అలా జేబులో పెట్టేశాను. వాడు దిగాల్సిన స్టేషనొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి... మూసుకున్నాయి.

నేను లేపలేదు.