ఫియట్ బండి పసుప్పచ్చ దీపాలు

కర్నూలులో పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేసరికి మనిషిలో సారం మిగలదు. మురళికి ఆ ఆదివారం సారంతో పాటు ఓపిక కూడా అయిపోయింది. భుజాన టూల్ బ్యాగు, చేతిలో వైరు చుట్ట, వీపుకు అతుక్కున్న చొక్కా. బట్టల అంగడి వెనకున్న గోడౌన్ తలుపు తడితే ఒక అమ్మాయి తీసింది.

"ఏమప్పా, పార్సిలా?"

"కాదమ్మా. కారు లైట్ల పని. వెంకటరమణయ్య గారు రమ్మన్నారు."

ఆమె అతన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. "కర్నూలు నుంచి ఎక్స్‌పర్ట్ వస్తాండాడని చెప్పినాడు మా నాయన. ఎవరో వయసైన మనిషి వస్తాడనుకుంటి."

"ఆ బస్సులో ఇంగొక గంట కూచోనింటే వయసైపోయి ఉండేది లే."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కష్టపడుతోందని మాత్రం అతనికి తెలిసింది.

ఆమె పేరు పద్మప్రియ. అంగడి చీరలను ఫోన్‌లో చూపించి అమ్మే పని ఆమెదే. పొద్దున లేచింది మొదలు "ఇంకో రంగు ఉందా" అనే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ ఆమె కూడా అలసిపోయే ఉంది. ఇద్దరు అలసిపోయినవాళ్ళు ఎదురుపడితే పోట్లాటకు కూడా బలం చాలదు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లోపల బట్టల మూటల మధ్య, టార్పాలిన్ కింద, మీగడ రంగు ఫియట్ బండి. ముందు బంపరు మీద, మంచులో దారి చూపే రెండు పసుప్పచ్చ ఫాగ్ ల్యాంపులు. వాటి వెనక మాత్రం తలా ఒక దిక్కుకు వేలాడుతున్న వైర్లు.

"సార్, మన సీమలో మంచు యాడుండాది?" అన్నాడు మురళి, బండి పక్కనే నిలబడి ఉన్న పద్మప్రియ తండ్రితో. "ఈ లైట్లు ఎవరు కొనింది?"

"మా నాయన," అన్నాడు వెంకటరమణయ్య. "బండి కొనేతప్పుడు, కావాలంటే ఇవి కూడా పెట్టిస్తామన్నారంట. ఇస్తామంటే వద్దనే మనిషి కాదు ఆయన."

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. "వచ్చే నెల అహోబిలంలో నాకు షష్టిపూర్తి. ప్రమీల కొత్త కోడలుగా ఈ బండిలోనే మా ఇంటికొచ్చింది. మళ్ళ ఈ బండిలోనే ఆమెను కొండకు పిల్చుకపోవాల. కంపెనీలో ఎట్ల చేసినారో అట్లే ఉండాల అప్పా, ఒక్క వైరు తేడా రాకూడదు. ఆమెకు మాత్రం ఇప్పుడే తెలియకూడదు."

అందుకని ప్రమీలమ్మకు మురళిని ఇన్వర్టర్ మెకానిక్ అని చెప్పారు. ఆమె పాపం నమ్మి, మజ్జిగ పంపించింది.

పని మొదలుపెట్టగానే అసలు చిక్కు బయటపడింది. బండితో వచ్చిన పుస్తకంలో ఈ లైట్ల ఊసే లేదు. కావాలన్నవాళ్ళకు విడిగా బిగించేవి కాబట్టి ఎవరూ బొమ్మ గీయలేదు. స్విచ్చు వేస్తే విడిగా వెలిగేవా? చిన్న లైట్లతో కలిసి వెలిగేవా? హెడ్‌లైటు పెద్దది వేస్తే ఆరిపోయేవా? అడిగిన ప్రతి మెకానిక్కూ ఒక్కో మాట చెప్పాడు.

"ఇదొకటి చూడు," అన్నాడు మురళి, ఒక ఎర్ర వైరు లాగుతూ. ఆ వైరు ముందు లైట్ల దగ్గర మొదలై, సీట్ల కిందుగా పోయి, ఎడమ వైపు వెనక తలుపు దగ్గర ఆగిపోయింది. కొసకు టేపు చుట్టి ఉంది. "ముందర లైట్లకు వెనక తలుపుతో ఏం పని? ఎవడో పని రానోడు చేసినాడు."

"మా జేజినాయన కాలం నాటిది. ఊరికే వేయించింటాడా?" అంది పద్మప్రియ. "అమ్మకు తెలిసుంటాది."

"అమ్మనే కదా అడగొద్దనింది మీ నాయన."

"అది కూడా నిజమే లే."

అతను కటింగ్ ప్లయర్ తీసి ఆ వైరును కోసి పారేశాడు.

అక్కడి నుంచి వెతుకులాట మొదలైంది. పాత కార్ల వాట్సాప్ గ్రూపుల్లో అడిగే బాధ్యత పద్మప్రియ తీసుకుంది. మురళి పగలంతా కర్నూలులో లారీల కింద దూరి, సాయంత్రం ఆమె పంపిన ఫోటోలు చూసేవాడు. "ఇది కూడా కాదు" అని వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఆ గొంతులో నీరసం విని ఆమె "తిన్నావా?" అని అడిగేది. "నువ్వు?" అనేవాడు. కొన్నాళ్ళకు వైర్ల మాట రెండు ముక్కలు, మిగతాదంతా వేరే మాటలు అయ్యాయి.

ఆదివారం వస్తే మళ్ళీ బస్సు. నంద్యాల దాటాక కిటికీలోంచి వేడి గాలి మొహానికి కొడుతుంటే, ఎందుకొచ్చిన పని ఇది అని ప్రతిసారీ అనుకునేవాడు. గోడౌన్ తలుపు తెరుచుకోగానే ఎందుకొచ్చాడో గుర్తొచ్చేది.

"మొహం చూడు, ఉతికి ఆరేసిన గుడ్డ మాదిరి ఉండాది," అనేది ఆమె.

"నీ మొహం ఇస్త్రీ చేసినట్లుండాదా ఏమి?"

అతనికి ఆమె అంటే ఇష్టం. ఆ సంగతి దాచుకోవడం లారీ పని కంటే కష్టంగా ఉంది. అతనిది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. వాళ్ళ నాన్న నేసిన చీరలు ఇలాంటి అంగళ్ళకే వచ్చేవి. నేసినవాళ్ళు అంగడి మెట్ల దాకా రావడం మామూలే కానీ, పిల్లనడగడానికి మెట్లెక్కి లోపలికి పోయినవాడు అతనికి తెలిసి లేడు. పైగా ఈ లైట్లు సరిగ్గా వెలిగిన రోజున పని అయిపోతుంది. మళ్ళీ ఈ ఊరికి రావడానికి అతనికి సాకు ఉండదు.

చివరికి కోయంబత్తూరులో ఎవరూ చేయి పెట్టని బండి ఒకటి దొరికింది. ఓనరు ఫోటోలు పంపాడు. ఆ బండిలో పసుప్పచ్చ దీపాలు చిన్న లైట్లతో వెలుగుతాయి, హెడ్‌లైటు పెద్దది వేస్తే ఆరిపోతాయి. షష్టిపూర్తికి ముందు రోజు మురళి వచ్చి, రంగు రంగుకూ సరిచూసి వైర్లు బిగించాడు. సాయంత్రానికి పని పూర్తయింది.

వెంకటరమణయ్య భార్య చేయి పట్టుకుని గోడౌన్‌లోకి తీసుకొచ్చాడు. "ఇన్వర్టర్ బాగైందా?" అని అడుగుతూ వచ్చిన ప్రమీలమ్మ బండిని చూసి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన స్విచ్చు వేశాడు. దీపాలు వెలిగాయి, ఆరాయి. అచ్చం కంపెనీ పద్ధతి.

ఆమె నెమ్మదిగా బండి చుట్టూ తిరిగి, ఎడమ వైపు వెనక తలుపు తీసింది. మూసింది. మళ్ళీ తీసి ముందుకు వంగి చూసింది.

"ఏం చూస్తాండావే?"

"దీపాలు వెలగలేదే," అందామె. "నేను దిగుదామని ఈ తలుపు తీస్తానే ముందర పసుప్పచ్చ దీపాలు రెండూ వెలిగినాయి. మా మామ మెకానిక్‌తో చెప్పి పెట్టించినాడు. కోడలు కాలు కింద పెడతానే దీపం కనపడాలని. అప్పటిదాకా ఏడుస్తా వచ్చినదాన్ని, అది చూసి ఊరుకుంటి."

"నాకు తెలియనే తెలియదే."

"నీకెట్ల తెలుస్తాది? ఆ పక్క దిగి నీ స్నేహితులతో మాట్లాడుతాంటివి. బ్యాటరీ దిగిపోతాదని మరుసటి దినమే తీసేయించినారు. పోనీలే, బండి శానా బాగుంది."

బాగుందని అంది కానీ మొహం చిన్నబోయింది. వెంకటరమణయ్య ఒక మూట మీద కూలబడ్డాడు. "కంపెనీ లెక్క వద్దప్పా మురళీ," అన్నాడు చివరికి. "ఆమె చెప్పిన లెక్క చెయ్యి." ఇద్దరూ మెల్లగా ఇంట్లోకి వెళ్ళారు.

మురళి కొత్త ఎర్ర వైరు తీసి, సీట్ల కింద దూరాడు. చేతులు తిమ్మిరెక్కాయి.

"అమ్మకు తెలిసుంటాదంటే విన్నావా?" అంది పద్మప్రియ టార్చి పట్టుకుని.

"విన్లేదు."

"ఊరికే ఒప్పుకుంటే ఎట్ల? కొంచెమన్నా వాదించు."

"ఓపిక లేదు ప్రియా." పేరు సగమే పలికానని అతనికి తర్వాత తెలిసింది. ఆమె టార్చి మాత్రం కదిలింది.

వైరు బిగించి బండి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తలుపు తియ్యి."

ఆమె వెనక తలుపు తీసింది. పసుప్పచ్చ వెలుగు అతని మొహం మీద, గ్రీజు మరకల మీద పడింది.

"పని అయిపోయింది," అన్నాడు.

"అయిపోతే?"

"వచ్చే ఆదివారం ఈడికి రావడానికి సాకు లేదు. శానా అలసిపోయినా. బస్సుకు కాదు, సాకులు వెతికి. నువ్వంటే నాకు ఇష్టం. మీ నాయనకు ఏమని చెప్పాలో మాత్రం తెలియదు."

ఆమె తలుపు మీద చేయి తీయలేదు. "కోయంబత్తూరు ఫోటోలు నాకు ఎప్పుడో వచ్చినాయి," అంది. "మొన్నటిదాకా నీకు పంపలేదు."

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "ఊరికే నన్ను ఆ బస్సులో తిప్పితివా?"

"నాకు మాత్రం ఇంగేం సాకు ఉండాది?"

"ఆ తలుపు వెయ్యమ్మా, బ్యాటరీ దిగిపోతాది," అన్న మాట వినబడి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వెంకటరమణయ్య గోడౌన్ గుమ్మంలో ఉన్నాడు. పక్కన మజ్జిగ గ్లాసుతో ప్రమీలమ్మ.

"ఒక ఇన్వర్టర్‌కు ఇన్ని ఆదివారాలు ఎందుకు పడతాయని అప్పుడే అనుకోవాల్సింది నేను," అందామె.

వెంకటరమణయ్య గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. కూతురి మొహం చూశాడు. ఆమె చూపు దించుకోలేదు. ఆయన మురళి వైపు తిరిగాడు.

"మీ నాయన పేరేమప్పా?"

"హనుమన్న సార్. ఎమ్మిగనూరు. మగ్గం నేస్తాడు."

"నేసేవాళ్ళు లేకుంటే నేనేం అమ్ముతాను," అన్నాడు ఆయన, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. "ఫోన్ చేసి రేపు ఆయన్ని కొండకు రమ్మను. బండి నువ్వే తోలాల. ముందు నా పెండ్లి కానీ. ఇంగొక పెండ్లి సంగతి కొండ దిగినాక మాట్లాడుదాం."

పద్మప్రియ తలుపు మూసింది. ప్రమీలమ్మ మజ్జిగ గ్లాసు అతని చేతిలో పెట్టి, ఇంకో మనిషికి వంట చేయాలంటూ లోపలికి వెళ్ళింది. మురళి ఆ సాయంత్రం కర్నూలు బస్సు ఎక్కలేదు.