డోంగీ నీళ్లు తాకేదాకా

దీవిలోని జాలరి ఊరు హోప్ టౌన్‌లో ఆ ఉదయం అప్పలరాముడి ఇంట్లో పులిహోర వాసన, గుమ్మం నిండా చుట్టాలు, ఒడ్డున కొత్త డోంగీ పడవ. అప్పలరాముడు కొత్త చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోవడం మరిచిపోయి, ఇంటికీ ఒడ్డుకీ తిరుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం పోటు రాగానే పడవని దింపాలి. అంతవరకూ ఆయన్ని కూర్చోబెట్టడం భార్య కామమ్మ వల్ల కూడా కాలేదు.

కూతురు ప్రమోదకి ఇంకో హడావిడి ఉంది. ఆమె ఇంటి నుంచే పనిచేసే బెంగళూరు కంపెనీకి 'గవ్వ' అని ఆటల స్టోర్ ఉంది. స్టోరంటే షట్టరూ బల్లా ఉండవు, కంప్యూటర్లోనే తెరిచి, నచ్చిన ఆట కొనుక్కుని ఆడుకోవడమే. ఇన్నాళ్లూ అది విండోస్ ఉన్న కంప్యూటర్లలోనే తెరుచుకునేది. పాత మెషీన్ల మీద కూడా హాయిగా నడిచే లైనక్స్ మీదకి దాన్ని తెచ్చే పని ప్రమోద మీద పడింది. పడింది అనడం తప్పు, తనే అడిగి నెత్తిన పెట్టుకుంది. కాలేజీ రోజుల్లో తన పాత కంప్యూటర్లో ఆ స్టోర్ తెరుచుకోక ముఖం ముడుచుకుని తిరిగిన పిల్ల మరి.

ఆ లైనక్స్ స్టోర్‌ని ఈ మధ్యాహ్నం కంపెనీ వాళ్లందరి ముందూ తెరిచి చూపించాలి. తెరుచుకోకపోతే ఆ పనే మానేస్తామని, ఆమె బెంగళూరు వచ్చి వేరే పని చూసుకోవాలని పై అధికారి సాయికృష్ణ ముందే చెప్పేశాడు. ఆఖరి తప్పు నిన్న సాయంత్రమే దొరికింది. పొద్దున్నే లేచి దాన్ని సరిదిద్ది, రాసిన కోడంతా కలిపి స్టోర్‌గా తయారుచేసే పని కంప్యూటర్‌కి అప్పగించి, డోంగీ దగ్గర ముగ్గు వెయ్యడానికి వెళ్లింది. అది తయారవడానికి చాలాసేపు పడుతుంది. ముగ్గు వేస్తున్నంతసేపూ ఆమె మనసు నిలకడగా లేదు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద తెర ఒక్కటే ఉంది. కంప్యూటర్ డబ్బా పూజ మూల గంగమ్మ పటం ముందు, వలకీ ఇంజన్‌కీ మధ్యలో కూర్చుని ఉంది. ఒళ్లంతా పసుపు, నుదుటి చోట కుంకుమ, పైన మందారం. ప్లగ్గు నేలమీద పడి ఉంది.

"అడక్కుండా ప్లగ్గు పీకీడమేటమ్మా?" ప్రమోద గొంతు వీధిలోకి వినపడింది. "పొద్దుట్నించి చేస్తున్న పనంతా పోయింది. మళ్ళీ మొదట్నించి పెట్టాలి."

కామమ్మ బెదిరిపోయింది. కొత్త డోంగీ నీళ్లు తాకేదాకా ఇంట్లో ఏ పనిముట్టూ నడవకూడదని, కత్తిపీట కూడా నిన్ననే కడిగి అక్కడ పెట్టానని మెల్లగా చెప్పింది. ఇంతలో అప్పలరాముడు వచ్చాడు. కూతురి ఉద్యోగం సంగతెత్తితే 'ఆటల కొట్టు' అని నవ్వడం ఆయనకి అలవాటు. ఇవాళ నవ్వలేదు.

"ఆటల కోసం అమ్మ మీద అరుస్తావేటి? ఆ డబ్బా బంద్ అయితే ఏటయిపోద్ది?"

"నీ డోంగీ మునిగిపోతే ఏటయిపోద్దో అదే అయిపోద్ది."

 పాత డోంగీ తుఫానులో మునిగింది, ఆయన ప్రాణాలతో రావడమే గొప్ప. దాన్ని నీళ్లలోకి దింపేముందే ఇసకలో ఇంజన్ నడిపి చూశాడని, అందుకే మునిగిందని కామమ్మ నమ్మకం. ప్రమోద నాలుక కరుచుకుంది గానీ మాట దాటిపోయింది.

కామమ్మ కళ్లు తుడుచుకుంది. "నాకదేటో తెలీదే. ఆటబొమ్మనుకుంటే అటక మీద పెట్టీదాన్ని. మీ నాన్నకి వలెలాగో నీకది అలాగనుకున్నాను. అందుకే అమ్మవారి కాడ పెట్టినాను."

ప్రమోదకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరి నోట వినాలని ఎదురుచూసిందో ఆ మాట అమ్మ నోట వచ్చింది, అదీ తను అరిచిన తర్వాత. తల్లి పక్కన చతికిలబడి ఇవాళ ఏం జరగాలో, జరగకపోతే ఎక్కడికి పోవాలో అంతా చెప్పింది. ఇప్పుడు పెడితేనే మధ్యాహ్నానికి అందుతుందనీ చెప్పింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. కామమ్మ వద్దనలేదు, కిటికీలోంచి సముద్రం వైపు చూసిందంతే. ప్రమోద ప్లగ్గు కింద పెట్టేసింది.

"వద్దులే అమ్మా. డోంగీ దిగేదాకా ఆగుతాను."

అప్పలరాముడు ఇద్దర్నీ చూశాడు. ఆ డబ్బా వైపు కూడా చూశాడు, మొదటిసారి సరిగ్గా.

"నీళ్లు తాకితే చాలా, తేలాలా?" అని భార్యనడిగాడు.

"తాకాల. తేలాలని ఎవరూ అన్లేదు."

అంతే, ఆయన వీధిలోకి పడ్డాడు. "శివాజీ భయ్యా, చలో, పోటు కోసం చూడొద్దు, ఇప్పుడే తోసీడమే" అని కేకేశాడు. పక్కింటి శివాజీ నీళ్లింకా అంత దూరంలో ఉన్నాయని, అంతా బురదేనని మొత్తుకున్నాడు. మొత్తుకుంటూనే పంచె ఎగ్గట్టాడు. ఆకులో పులిహోర వదిలేసి చుట్టాలంతా వచ్చేశారు.

ప్రమోద డోంగీకి బొట్టు పెట్టి, దుపట్టా నడుముకి చుట్టి తనూ భుజం ఆనించింది. పడవ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. మోకాళ్లదాకా బురద. అప్పలరాముడు జారి కూలబడ్డాడు, కొత్త చొక్కా రంగు మారింది, కూర్చునే తోస్తున్నాడు. ఎదురింటి అసిరమ్మ నవ్వాపుకోలేక పక్కకి తప్పుకుంది. ఆఖరికి ఒక చిన్న అల వచ్చి డోంగీ ముక్కు తడిపింది.

"తాకింది" అంది కామమ్మ. "పరిగెట్టవే."

ప్రమోద బురదకాళ్లతోనే పరిగెత్తింది. డబ్బాని బల్ల దగ్గరికి తెచ్చి తెరకి తగిలించి, ప్లగ్గు పెట్టింది, స్విచ్చు వేసింది. డబ్బా గుర్రుమని లేచింది, ఆమె పోయిన పనిని మళ్ళీ మొదట్నించి పెట్టింది. వెనకాలే వచ్చిన చుట్టాలు గది నిండా నిలబడి, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పని ఎంతయిందో చూపిస్తూ తెర మీద పాకే గీత వంక ఊపిరి బిగబట్టి చూశారు. సాయికృష్ణ, కంపెనీ వాళ్లు ఫోన్లో వీడియో కాల్‌లోకి వచ్చేసరికి ఆ గీత ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె రెండు నిమిషాలడిగింది. గీత నిండింది. తెర ఒక్కసారి నల్లబడింది. ఆపైన తెల్లటి గవ్వ మెల్లగా విచ్చుకుని, లోపలి ఆటలన్నీ రంగురంగులుగా పరుచుకున్నాయి.

ఫోన్లో చప్పట్లు, గదిలో ఈలలు. ఇంత పాత మెషీన్ మీదేనా, ఏదీ చూపించమన్నాడు సాయికృష్ణ. ప్రమోద ఫోన్ తిప్పింది. ఆ పసుపేమిటని ఆయన అడిగాడు.

"మా అమ్మ పెట్టింది సార్. మా ఇంట్లో పనిముట్లకి పెడతాం."

గుమ్మం దగ్గర అప్పలరాముడు బురద చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. పోటు వచ్చేసిందని, డోంగీ తేలుతోందని ఒడ్డు నుంచి శివాజీ పిలుస్తున్నాడు.

"ఉండు భయ్యా" అన్నాడాయన కదలకుండా. "మా పాప కొట్టు తెరిచింది. చూసి వస్తాను."