వీపుకి తగిలిన వెచ్చదనం

అందరూ ఆయన్ని ఐసు బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా శీతల గిడ్డంగుల్లో మిషన్లు బాగుచేసే మెకానిక్ మరి. ఆ మధ్యాహ్నం చేపల పెట్టెలు దాచే గదిలో ఫ్యాను గీరుకుంటోందని కబురొస్తే వెళ్లాడు. లోపల సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. చలికి ఫోను చచ్చిపోతుందని బయట బల్ల మీదే పెట్టి, ఫ్యాను ఆపి, లావుపాటి కోటు తొడుక్కుని లోపలికి దూరాడు. తలుపు ఓరగా వదిలాడు.

పెట్టెల వరసల వెనక స్టూలెక్కి బోల్టులు బిగిస్తుండగా దీపం ఆరిపోయింది. ఆ వెంటనే తలుపు ధబ్బున పడింది.

“ఓ అమ్మాయ్! నేనింకా లోపలే ఉన్నా!”

స్టోరు చూసుకునే అమ్మాయి అన్నానికి వెళ్తూ, ఎవరూ లేరనుకుని మూసేసింది. నాలుగంగుళాల మందం తలుపు. ప్రాణం పోయేలా అరిచినా బయటికి వినపడదు. తడుముకుంటూ వెళ్లి లోపలి పిడి లాగాడు. అది ఊడి చేతిలోకొచ్చింది.

చీకటి. చేపల నీచు. తన ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు.

బాబాయ్ కంగారుపడే మనిషి కాదు. చలి లోపలికి రాదురా, మన ఒంట్లో వేడే బయటికి పోతుంది, దాన్ని పోనివ్వకుండా చూసుకుంటే చాలు అని పని నేర్చుకోవడానికొచ్చిన ప్రతివాడికీ నూరిపోసినవాడు. ఇనుప అరకి ఆనుకుంటే ఉన్న వేడంతా గుటుక్కున లాగేస్తుంది. అట్టపెట్టె అంత తొందరగా లాగదు. అందుకే ఖాళీ అట్టలు పరుచుకుని కూర్చుని, పెట్టెల దొంతరకి వీపు ఆనించాడు. తిని వచ్చేస్తుందిలే, అనుకున్నాడు.

కాసేపటికి వీపుకి వెచ్చగా తగిలింది.

మొదట హాయిగా ఉంది. తర్వాత గుండె ఝల్లుమంది. ఆర్నెల్లుగా ఇక్కడున్న ప్రతి వస్తువూ ఒకే చలికి దిగిపోయి ఉంటుంది. తనకంటే వెచ్చనిది ఈ గదిలో ఉండటానికి వీల్లేదు.

ఆ వెచ్చదనం మెల్లగా ఉబ్బింది... తగ్గింది. ఊపిరి తీస్తున్నట్టు.

“ఎవరది?”

చెవి వెనకే ఆడగొంతు, గుసగుసగా. “వెచ్చగా ఉంది...”

“ఎవరమ్మా నువ్వు? నిన్ను కూడా చూసుకోకుండా మూసేసిందా?”

“వెచ్చగా ఉంది. ఇంకాస్త ఆనుకో, బాబాయ్.”

పాపం, ఎవరో తనలాగే చిక్కుకుపోయారు. ఒకరి వేడి ఒకరికి ఆసరా అనుకుని ఆనుకున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. కాళ్లు తెలియడం లేదు. వేళ్లు తెలియడం లేదు. వీపు మాత్రం... కాలుతోంది.

కాలుతోంది!

మరీ చల్లటి ఇనుము తగిలినా ఒళ్లు కాలినట్టే ఉంటుంది. ఆ సంగతి బాబాయ్‌కి తెలియంది కాదు. ఇందాకటి నుంచీ వెచ్చగా ఉన్నది తనకి కాదు. ఆవిడకి, తన ఒంట్లో వేడితో.

లేవబోయాడు. తడిచెయ్యి ఐసుకి అంటుకున్నట్టు కోటు అతుక్కుపోయింది. గుంజాడు. రాలేదు.

“వెళ్లకు...”

ఆ చలిలో కోటు వదిలేయడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. అయినా జిప్పు లాగేశాడు. చేతులు ఊడబెరుక్కుని, మోకాళ్ల మీద పాకుతూ తలుపు చేరి, పానాతో బాదాడు. బాదుతూనే ఉన్నాడు...

తలుపు తెరుచుకుంది. బల్ల మీద ఫోను చూసి పరిగెత్తుకొచ్చిన అమ్మాయి ఆయన్ని బయటికి ఈడ్చి, తలుపు మూసి, తన శాలువా కప్పింది.

“అయ్యో బాబాయ్, నా కళ్లు పోనూ! కోటేది?”

పళ్లు టకటకలాడుతున్నాయి. ఆయన చూపు తలుపు మీదే ఉంది. బయటివైపు రేకు పొడిగా మెరుస్తోంది. లోపలి చలి అంత మందం దాటి ఇవతలికి రావడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

రేకు మీద చెమట పట్టింది. ఒక్క చోటే. అరచెయ్యి, ఐదు వేళ్లు.

“బాబాయ్... లోపల ఇంకెవరైనా ఉన్నారా?” అమ్మాయి గడియ మీద చెయ్యి వేసింది.

బాబాయ్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ గుర్తుకి బాగా కింద, మోకాలెత్తులో, ఇంకోటి మెల్లగా తేలింది. చిన్నది... అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డ చెయ్యంత.