జాబితాలో చోటు

ఆమెను మొదటిసారి చూసినప్పుడు నేను అరుస్తున్నాను. నాకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. ఆమెకు అంతకంటే చేతకాదు. కాబట్టి జోడీ కుదరాల్సిందే. ఆ సంగతి మా ఇద్దరి బుర్రకీ ఎక్కడానికి నెల పట్టింది.

నేను బడిలో ఆటల మాస్టారిని. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి పిల్లలకు ఈల సార్‌ని. ఆమె నెలకోసారి రమ్మని కొత్తగా వేసిన నర్సు. ఒక చంకలో బరువు చూసే మిషను, ఇంకో చంకలో ఎత్తు కొలిచే పొడుగు కర్ర. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు కాటా మేడమ్.

ఆ వేళ రెండో తరగతి గోడ మీద ఒక కాగితం వెలిసింది. పైన 'అధిక బరువు' అని పెద్ద అక్షరాలు, కింద పదకొండు పేర్లు. మూడో పేరు మా అక్క కూతురిది. ఏడేళ్ల పిల్ల. అన్నం డబ్బా మూత కూడా తీయకుండా బెంచీ కిందకి దూరి కూర్చుంది.

"బయటికి రావే, తిందువు గాని."

"నేను తినను మావయ్యా. నా పేరు గోడ మీద ఉంది."

నాకు ఒళ్లు మండిపోయింది. దొంగల పేర్లు కదా అలా గోడకెక్కిస్తారు! తిన్నగా రెండో అంతస్తులో నర్సు కూర్చున్న గదిలోకి వెళ్లాను.

"ఏమండీ, మీకు బుద్ధుందా?"

ఆమె తల ఎత్తలేదు. "ఉంది. క్యూలో రండి. చెప్పులు విప్పి మిషన్ ఎక్కండి."

"నేను పిల్లాణ్ణి కాదు!"

"గొంతు విని పిల్లాడే అనుకున్నాను."

అప్పుడు తలెత్తింది. ఆ చూపు తగిలేసరికి నేను సిద్ధం చేసుకొచ్చిన నాలుగు తిట్లలో మూడు ఎగిరిపోయాయి. మిగిలిన ఒక్కటీ వాడాను.

"పసిపిల్లల్ని గోడకెక్కించడానికి సిగ్గు లేదూ?"

"నేను పొద్దున్నే కవర్లో పెట్టి, అంటించి, మీ హెడ్ మేడమ్ చేతికిచ్చాను. తల్లిదండ్రులకే పంపమన్నాను. గోడకెక్కించింది ఆవిడ. వెళ్లి ఆవిడ్ని అడగండి."

ఆవిడ్ని ఎవరూ ఏమీ అడగరు.

"ఇంకో మాట సార్. టైంటేబుల్లో వారానికి నాలుగు ఆటల పిరియడ్లు ఉన్నాయి. పిల్లల్నడిగితే నెలకి ఒకటి అన్నారు. మిగతావి ఏమయ్యాయి?"

ఏమవుతాయి? పరీక్షలని లెక్కల మాస్టారు అడిగినప్పుడల్లా ఇచ్చేసింది నేనే. ఆ గంటల్లో స్టాఫ్ రూంలో కాళ్లు చాపుకుని టీ తాగింది కూడా నేనే. పిల్లల్ని బెంచీలకు అతికించి, లావయ్యారని పిల్లల్నే నిలదీసే పెద్దల్లో మొదటి పేరు నాది. గోడకెక్కించాల్సింది నన్ను.

సాయంత్రం ఆ కాగితం పీకి ముక్కలు చేశాను. మర్నాడు హెడ్ మేడమ్ నుంచి పిలుపు. గది ముందు నర్సు అప్పటికే నిలబడి ఉంది.

"మీరెందుకొచ్చారు?"

"మీకు సరిగ్గా మాట్లాడటం రాదని."

లోపల ఇద్దరం కలిసి గంటసేపు వాదించాం. చివరికి హెడ్ మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరే. జాబితాలో ఉన్న పదకొండు మందికి రోజూ ఒక గంట ఆటలు. మిగతావాళ్లు చదువుకుంటారు. వచ్చే నెల తూకంలో తేడా కనపడకపోతే ఆ గంట లెక్కల మాస్టారిది."

"పెరిగే పిల్లలండీ. నెలలో ఏం కనపడుతుంది? బరువొక్కటే చూడకూడదు," అంది నర్సు.

"నాకు అంకె కావాలి," అంది హెడ్ మేడమ్.

సరే, గంట దొరికింది. బెంచీ కింద దూరిన మా మేనకోడలు మూడో రోజుకి మైదానంలో అందరికంటే ముందు ఉరుకుతోంది. డబ్బా ఊడ్చి తింటోంది. మిగతా ఇరవై తొమ్మిది మంది కిటికీ చువ్వలకు ముక్కులు ఆనించి చూస్తూ ఎక్కాలు చదువుతున్నారు.

నర్సు నెలకోసారి రావాలి. ఆ నెల ఆరుసార్లు వచ్చింది. ఒకసారి మిషను సరిచూడాలంది. ఒకసారి గొడుగు మర్చిపోయానంది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది.

ఒక రోజు ఆట మధ్యలో వాన పట్టుకుంది. పిల్లల్ని లోపలికి పిలవాలా వద్దా అని నేను ఆలోచిస్తుంటే, మా మేనకోడలు వరండాలో ఉన్న నర్సు చెయ్యి పట్టుకుని లాగింది.

"మేడమ్, మా టీంలోకి రండి. మావయ్య మీకు ఫౌల్ ఇవ్వడు."

"ఎందుకివ్వడు?"

"మీరు పరిగెడితే ఆయన బంతి చూడడు."

నర్సు చెప్పులు విడిచి దిగింది. బురద చిమ్ముకుంటూ, జడ ఊడిపోయి, నవ్వుతూ నా ముందు నుంచి దూసుకుపోయింది. బంతి ఎటు పోయిందో నాకు నిజంగానే తెలియదు.

"ఈల ఊదండి సార్! అలా నోరు తెరిస్తే వాన నీళ్లు లోపలికి పోతాయి!" అని అరిచింది.

తూకం రోజు వచ్చింది. నర్సు రాసుకుంటూ పోతోంది, ముఖం నల్లబడుతోంది. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది బరువు పెరిగారు. ఒక్కొక్కరు కిలో, కిలోన్నర. రోజూ ఆడేవాళ్లూ పెరిగారు, కిటికీలోంచి చూసేవాళ్లూ పెరిగారు.

"గెలిచినవాళ్లకి బిస్కెట్లు పెడుతున్నారా?" అంది.

"నేనా? మీ మిషను పాడైంది!"

"ఎక్కండి."

ఎక్కాను. అరవై తొమ్మిది. ఎప్పుడూ ఉండేదే. మిషను సరిగ్గానే ఉంది.

"చూశారా? నేను మిమ్మల్ని నమ్మి హెడ్ మేడమ్‌తో గొడవ పడ్డాను," అంది. ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది.

హెడ్ మేడమ్ అంకెలు చూసి ఒకే ముక్క చెప్పింది. "సోమవారం నుంచి ఆ గంట లెక్కలకి."

మేమిద్దరం వరండాలో చెరో వైపు తిరిగి నిలబడ్డాం. పిల్లలు వరసగా తరగతికి పోతున్నారు. అందరికంటే సన్నటి పిల్ల, తోటివాళ్లు అగ్గిపుల్ల అని పిలిచేది, జారిపోతున్న స్కర్టును రెండు చేతులా పట్టుకుని బాతులా నడుస్తోంది. నర్సు ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"జేబులో ఏముంది తల్లీ?"

"ఏం లేదు."

ఠప్పున ఒక రాయి కింద పడింది. దాని వెనకే ఇంకో నాలుగైదు. కోడిగుడ్డంత రాళ్లు.

"ఎందుకమ్మా ఇవి?"

"లావుగా ఉంటేనే ఆడుకోనిస్తారుగా. నేను ఎంత తిన్నా లావవ్వట్లేదు మేడమ్."

నేను వరసంతా ఆపాను. ఒక్కొక్కరే జేబులు దులిపారు. రాళ్లు, ఇటుక ముక్కలు, ఒకడి దగ్గర తలుపు గొళ్లెం. ఈ తెలివి ఎవరిదని అడిగితే అందరూ ఒకే వైపు చూశారు. మా మేనకోడలి వైపు.

"నువ్వెందుకు పెట్టుకున్నావే? నువ్వు జాబితాలోనే ఉన్నావుగా!"

"తగ్గితే తీసేస్తారుగా మావయ్యా! మళ్లీ బెంచీలోనే కూర్చోవాలి."

నర్సు నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆడుకోవడానికి రోగం అర్హతగా పెట్టిన పెద్దమనుషులం, ఇద్దరం తలలు దించుకున్నాం.

తర్వాత ఆమె ఆ రాళ్లలో మోయగలిగినన్ని చున్నీలో మూటగట్టి, హెడ్ మేడమ్ బల్ల మీద గుమ్మరించింది.

"ఇవేంటి?"

"మీ పిల్లలు పెట్టుకున్న అర్జీ మేడమ్. చదవండి."

జరిగింది నేను చెప్పాను. హెడ్ మేడమ్ ఒక రాయి తీసి అరచేతిలో పెట్టుకుంది. బరువు చూస్తున్నట్టు రెండుసార్లు ఎగరేసింది. "ఇవి పెట్టుకుని మెట్లెక్కారా?" అంది చివరికి.

"రెండు అంతస్తులు," అన్నాను.

"సోమవారం నుంచి అన్ని తరగతులకీ రోజూ ఒక గంట. లెక్కల మాస్టారికి నేను చెప్పుకుంటాను."

"జాబితా కూడా వద్దు," అంది నర్సు. "ఏడాదికి రెండుసార్లు చూస్తాను. ఫలితం నేనే తల్లిదండ్రుల చేతికిస్తాను."

"అలాగే."

గెలిచాం. ఆనందం గేటు దాకా ఉంది. అక్కడ ఆమె మిషను కింద పెట్టి, "ఇక నెల నెలా రావక్కర్లేదు. ఆర్నెల్లకి కలుద్దాం సార్," అంది.

ఆర్నెల్లు! పోరాడి పోరాడి నా కొంప నేనే ముంచుకున్నాను.

"మిషను... అప్పుడప్పుడు సరిచూడాలేమో," అన్నాను.

"సరిగ్గానే ఉందని మీరేగా తేల్చారు."

"గొడుగు..."

"ఇంట్లో ఉంది."

నేను మెడలో ఈలను అటూ ఇటూ తిప్పాను. ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత నా వెనక నక్కి వింటున్న మా మేనకోడల్ని దగ్గరకి పిలిచింది.

"ఆదివారం మీ అమ్మ ఇంట్లో ఉంటుందా? వచ్చి మాట్లాడాలి."

"నా బరువు గురించా మేడమ్?"

"నీకేం, బంగారంలా ఉన్నావు. మీ మావయ్య మీద ఫిర్యాదు."

"ఏం చేశాడు?"

"నెల నుంచి ఏమీ చెయ్యట్లేదు. అదే ఫిర్యాదు."

మేనకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"తప్పు కదా మావయ్యా! మేడమ్‌కి సారీ చెప్పు."

"ఆదివారం చెబుతాలే."

"ఇప్పుడే చెప్పు."

చెప్పాను. సారీ తప్ప మిగతావన్నీ.