దింపుడు కళ్లం దగ్గర పిలిచిన పిలుపు

తణుకులో కాలువ వంతెన దిగగానే ఎడమచేతి వైపు వీరవేణి పెసరట్ల కొట్టు. చెరకు క్రషింగు మొదలైందంటే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరి మీద తడిగుడ్డలా పరుచుకుంటుంది. ఆ కొట్టు దగ్గర మాత్రం అల్లం, పచ్చిమిర్చి వాసన దాన్ని దగ్గరికి రానివ్వదు. వీరవేణి నోరూ అలాంటిదే. అట్టు పల్చగా ఉందన్నవాడికి, మీ ఆవిడ మందంగా పోస్తుందేమో ఇంటికెళ్ళి తినండి అని చెప్పి, ఆ చేత్తోనే ఇంకో అట్టు వేసేది.

ఆ చలికాలం పొద్దున కొట్లో చిన్న టీవీ మోగుతోంది. అట్టు తిరగెయ్యబోతూ తెర కింద పరిగెత్తే అక్షరాలు చూసి ఆగిపోయింది. రైలు బాంబు కేసులో దోషిని తెల్లవారుజామున ఉరి తీశారు. శవాన్ని ఇంటివాళ్ళకి ఇవ్వలేదు. జైలు గోడల మధ్యనే పూడ్చేశారు.

పెనం మీద అట్టు మాడిపోయింది. ఆ రైల్లో పోయినవాళ్ళలో వీరవేణి తమ్ముడు కిరణ్ ఒకడని ఆ వంతెన దిగే ప్రతివాడికీ తెలుసు.

కిరణ్ భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఏదో మిషను సామాను తేవడానికని ఉత్తరాదికి వెళ్ళాడు. తిరిగొచ్చింది మేకులు కొట్టిన పెట్టె. మూత తియ్యకూడదన్నారు వెంట వచ్చిన పోలీసులు. వాళ్ళమ్మ ఆ చెక్క మీద తల బాదుకుంది. అయినా తియ్యనివ్వలేదు. పెట్టెను వ్యానులోంచి దింపకుండానే తిన్నగా శ్మశానానికి తీసుకుపోయారు.

అన్నిటికన్నా వీరవేణికి అడ్డం పడింది ఒక్కటే. దింపుడు కళ్లం జరగలేదు. సగం దారిలో పాడె దింపి, అయినవాళ్ళు శవం చెవి దగ్గర వంగి, వరస పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఏ మూలో ప్రాణముంటే పలుకుతాడేమోనని. పలకడని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు. పిలవకుండా పంపితే ఆ మనిషి దారిలోనే నిలబడిపోతాడంటారు. పెట్టెలో ఉన్నవాడికి చెవి ఎక్కడుందని పిలుస్తుంది... వాళ్ళమ్మ ఆ దిగులుతోనే మరుసటేడు పోయింది. ఆ పిలుపు మాత్రం వీరవేణి గొంతులోనే ఉండిపోయింది, మింగుడు పడని ముల్లులా.

మధ్యాహ్నానికి పెద్దిరాజు వచ్చాడు. ఆ వార్డులో పండగొచ్చినా, పార్టీవాళ్ళు వచ్చినా ఫ్లెక్సీలు కట్టించేది అతనే. వెనకాల నలుగురు పాడె మోసుకొచ్చారు. పాడె మీద ఉరిపడ్డవాడి గడ్డిబొమ్మ. పాత ప్యాంటు, చొక్కా, గోనెగుడ్డ మొహం, దాని మీద బొగ్గుతో కళ్ళు. మెడకి కొబ్బరితాడు. ఊరేగించి, కాలువగట్టు మీద తగలబెట్టి, జిలేబీ పంచాలని వాళ్ళ ఏర్పాటు. వేణక్కా, నువ్వే ముందు నడవాలి, నీకంటే హక్కు ఎవరికుంది అన్నాడు పెద్దిరాజు.

ఎదురింటి సుబ్రహ్మణ్యం మాస్టారు అరుగు దిగొచ్చారు. ముసలాయన. కిరణ్‌కి లెక్కలు చెప్పినాయన. పాడె వైపు చూడకుండా వీరవేణితోనే మాట్లాడారు.

"తిట్టాలనుంటే తిట్టమ్మా. ఏడవాలనుంటే ఏడు. డప్పులెందుకు? చావుతో ఆటలొద్దు."

"మీ గుమ్మం ముందుకి పెట్టె రాలేదు మాస్టారూ," అంది వీరవేణి. "వచ్చుంటే ఆ డప్పు మీరే కొట్టేవారు."

ఆయన మొహం చిన్నబోయింది. అరుగెక్కి తలుపేసుకున్నారు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ ఈలలు వింటే వీరవేణికి ఎంత హాయిగా అనిపించిందో ఆమెకే తెలుసు. కొంగు బిగించి ముందు నడిచింది. డప్పులు మోగాయి. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి నవ్వుతూ చూశారు. కొట్టు పక్కనుండే నాగదుర్గ ఆమె నెత్తిన బంతిపూలు చల్లింది. వీరవేణీ నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

కాలువ మలుపు దగ్గర ఎవరో అరిచారు, దింపుడు కళ్లం చెయ్యాల్రోయ్ అని. నవ్వులే నవ్వులు. పాడె దింపారు. వీడికి అయినవాళ్ళెవరున్నారురా పిలవడానికి అన్నాడొకడు. వేణక్కే పిలుస్తుందన్నాడు పెద్దిరాజు.

వీరవేణి మోకాళ్ళ మీద కూర్చుని గోనెగుడ్డ చెవి దగ్గర వంగింది. గోనె నుంచి తడిసి ఎండిన వరిగడ్డి వాసన. పురుగూ పుట్రా చచ్చిన వాసన. ఒక పచ్చి బూతు సిద్ధం చేసుకుంది, ఊళ్ళో మగవాళ్ళు కూడా నోట అనలేనిది. నోరు తెరిచింది.

"తమ్ముడూ..."

జనం గొల్లున నవ్వారు. వేణక్క ఎంత బాగా వెక్కిరిస్తోందో అనుకున్నారు. ఆ మాట వీరవేణి అనుకున్నది కాదు, జారింది. లేవబోయింది. లేవలేకపోయింది. రెండోసారీ అదే మాట జారింది.

మూడోసారి జారలేదు. కావాలనే పిలిచింది. ఇన్నేళ్ళు దాచుకున్న పిలుపు, ఆ గడ్డి ముందు, ఆ డప్పుల మధ్య, కడుపులోంచి తీసి పిలిచింది.

గోనెగుడ్డ లోపల... గడ్డి కదిలింది. చెంపకి వెచ్చగా ఊపిరిలా తగిలింది. చిన్నగా... నిద్రలోంచి పలికినట్టు...

ఊఁ.

వీరవేణి వెనక్కి పడింది. ఎవరూ విన్లేదు. గాలి అనుకుందామంటే గాలి లేదు. కుర్రాళ్ళు పాడె ఎత్తుకుపోయి నిప్పెట్టారు. గడ్డి కదా, చిటికెలో అంటుకుంది. ఆపండని ఒక్క మాటంటే ఆగేవాళ్ళు. ఆమె అనలేదు. అందరూ చూస్తున్నారు. పెద్దిరాజు జిలేబీ చేతిలో పెడితే తింది. తియ్యగానే ఉంది.

ఇల్లు కొట్టు వెనకాలే. ఒక వంటగది, ఒక గది, పెరట్లోకి ఒక తలుపు. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. వీరవేణి కిరసనాయిలు బుడ్డి వెలిగించి అన్నం వార్చింది. జుట్టులో పొగ వాసన. ఎన్నిసార్లు మొహం కడిగినా చెంప మీద ఆ వెచ్చదనం పోలేదు. వీధిలో ఎక్కడో కుర్రాళ్ళు ఇంకా టపాకాయలు పేలుస్తున్నారు. పేలిన ప్రతిసారీ ఆమె భుజాలు ఎగిరిపడుతున్నాయి. మధ్యాహ్నం ఆ కుర్రాళ్ళతో కలిసి పళ్ళన్నీ కనబడేలా నవ్విన మనిషి ఆమే.

టపాకాయలు ఆగాయి. కీచురాళ్ళు ఆగాయి. పెరట్లో గడ్డి మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆమె పెరట్లో గడ్డి లేదు. అంతా గచ్చే.

"అక్కా..."

తలుపు అవతల. బాగా దగ్గరగా.

వీరవేణి గంటె కింద పెట్టింది. పెద్దిరాజనుకుంది. కాదని కూడా అనుకుంది. గొంతు పీలగా ఉంది, దేనికో నొక్కుకుపోయి పలుకుతున్నట్టు. ఎవరది అని అడిగింది. అడిగానని అనుకుంది గాని, నోరు కదిలిందంతే.

"పిలిచావుగా," అంది గొంతు.

బుడ్డి దీపం సన్నగిల్లింది. వరిగడ్డి కాలిన వాసన తలుపు సందుల్లోంచి నెమ్మదిగా లోపలికొచ్చింది. వీరవేణి చెవులు రిక్కించి, కిరణ్ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. వాడి నడక గుర్తుంది. వాడు పెసరట్టు మీద ఉప్మా వద్దనడం గుర్తుంది. గొంతు రాలేదు. ఇన్నేళ్ళూ వాణ్ణి చంపినవాడి మొహాన్నే టీవీలో వెతుక్కుంది. ఆ హంతకుడి పేరే కసిగా నెమరేసింది. తమ్ముడి గొంతు ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు.

తలుపు తియ్యకపోతే... అవతల ఉన్నది కిరణే అయితే? దారిలో నిలబడిపోయినవాడు ఇన్నాళ్ళకి పిలుపు విని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాడి మొహం మీద తలుపేసినట్టే.

తీస్తే... వాడు కాకపోతే?

"నువ్వు మా కిరణ్‌వే అయితే," అంది గుసగుసగా, "అమ్మ మాట ఒకటి చెప్పు."

తలుపు చెక్క మీద ఏదో ఆనింది. నుదురు కావచ్చు.

"అమ్మకి నన్ను చూపించలేదక్కా."

వీరవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిజమే. మేకులు కొట్టిన పెట్టె. చెక్క మీద అమ్మ తల. అంతలోనే పొద్దున టీవీ కింద పరిగెత్తిన అక్షరాలు కళ్ళ ముందుకొచ్చాయి. శవాన్ని ఇంటివాళ్ళకి ఇవ్వలేదు. ఆ వార్త చదివి తను ఏమందో కూడా గుర్తొచ్చింది. వాళ్ళమ్మ కూడా ఏడవాలి, అంది. కొట్లో నలుగురూ వినేలా అంది.

ఇద్దరి అమ్మలకీ చూపించలేదు. ఎవరమ్మో ఈ గొంతు చెప్పడం లేదు.

"ఆకలేస్తోందక్కా," అంది గొంతు.

ఎదురింటి మాస్టారిని కేకేద్దామనుకుంది. ఏ మొహం పెట్టుకుని కేకేస్తుంది? వీరవేణి లేచింది. కొట్లోంచి అరిటాకు తెచ్చి కడిగింది. అన్నం, పప్పు, వేడి నెయ్యి. తమ్ముడైతే తిని పోతాడు. ఆ ఉరిపడ్డవాడైతే... పిలిచింది తనే కదా. పిలిచి, పలికాక తగలబెట్టించింది.

గడియ తీసింది. పెరడు ఖాళీగా ఉంది. గడపకి ఆనించి అవతలి మెట్టు మీద ఆకు పెట్టింది. పితరులకి పెట్టిన అన్నం వైపు చూడకూడదంటారు. అందుకని తలుపు తెరిచే ఉంచి, గడప లోపల ఒక పక్కగా చతికిలబడి, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

మెతుకుల చప్పుడు. వేళ్ళు ఆకు మీద రాసుకుంటున్న చప్పుడు. మింగడం మాత్రం కష్టంగా ఉంది. ప్రతి ముద్దకీ గొంతులో ఏదో అడ్డం పడి, లోపలికి పోతోంది. వీరవేణి కళ్ళు తెరవలేదు. ఏడుస్తూ కూర్చుంది. ఎవరి కోసం ఏడుస్తోందో తనకే తెలియలేదు.

చప్పుడు ఆగింది. కరెంటొచ్చింది. పెరట్లో లైటు వెలిగింది.

ఆకు మీద ఒక్క మెతుకు లేదు. ఆకు మడిచి ఉంది. చావు భోజనంలో ఎవరైనా ఆకు అవతలికి మడుస్తారు, ఇక రామని. మళ్ళీ వచ్చే ఇంట్లో అయితే తమవైపుకి మడుచుకుంటారు. ఈ ఆకు ఇంటివైపుకి మడిచి ఉంది, పెరట్లో కూర్చున్నవాడికి అవతలికి. అంటే ఇక రాననే మడతేనని, తిని వెళ్ళిపోయాడని వీరవేణికి ఒక్క క్షణం ఊపిరాడింది.

తర్వాత చూసుకుంది. పెరట్లో కూర్చున్నవాడికి కదా ఇల్లు అవతల. మెట్టు కింద మంచు తడి చెదరలేదు. అక్కడ ఎవరూ కూర్చోలేదు.

ఆకు గడప వైపుకి, ఇంట్లో కూర్చుని తిన్నవాడు తనవైపుకి మడుచుకున్నట్టు మడిచి ఉంది. ఆమె కూర్చున్న చోటుకి పక్కనే, గడప లోపల, గచ్చు మీద చెయ్యి పెట్టి చూసింది.

వెచ్చగా ఉంది.