పొంతనిక

రెండువేల డెబ్భై నాలుగు నాటికి తాడేపల్లిగూడెంలో పెళ్లికి జాతకాలు చూడటం తగ్గిపోయింది గానీ, మాత్రలకు చూడటం మొదలైంది. ఏ వార్డు క్లినిక్‌లోనైనా పరదా వెనక పొంతనిక అనే మాట్లాడే యంత్రం ఉంటుంది. వేలు పెడితే చాలు, రక్తంలోని ప్రతి మాలిక్యూల్‌నూ చదివి, షుగరు మాత్రకూ బీపీ మాత్రకూ పడుతోందా, మధ్యలో గుండె మాత్ర పుల్లలు పెడుతోందా అని తేల్చి, నెలకు సరిపడా మందులు అదే ఇచ్చేస్తుంది.

లాస్యమ్మకు అరవై ఏళ్లు. బామ్మలకు అలాంటి పేర్లుండే కాలం వచ్చేసింది మరి. భర్త ప్రణీతరావు గారు పాత షుగరు మనిషి. పొద్దున్నే ఆవిడకు కాఫీ ఆయన కలుపుతారు, మధ్యాహ్నం ఆయనకు మజ్జిగ ఆవిడ కలుపుతుంది. ఆ మజ్జిగలో మూడు నెలలుగా పొడపత్రి ఆకు పొడి కూడా కలుస్తోందని ఆయనకు తెలియదు. షుగరు ఇట్టే దిగుతుందని పక్కింటావిడ చెప్పింది. దిగింది కూడా. మొన్న దాంతోపాటు ఆయన కూడా చెమటలు పట్టి మెట్ల మీద కూలబడ్డారు. అప్పట్నుంచి లాస్యమ్మకు ముద్ద దిగడం లేదు.

ఈవేళ ఆయన ముందు వేలు పెట్టి, మందులు పుచ్చుకుని, "బ్రహ్మాండంగా ఉన్నానంట!" అంటూ బయటికి నడిచారు. లాస్యమ్మ పరదా లాగి గొంతు తగ్గించింది.

"ఇదిగో, నీతో ఓ మాట. ఆయన మజ్జిగలో నేను..."

"పొడపత్రి అండి. మొదటి నెల నుంచీ తెలుసు," అంది పొంతనిక.

"తెలిసీ చెప్పవేం? మనిషికేమన్నా అయ్యుంటే?"

"ఒకప్పుడు అందరికీ చెప్పేదాన్నండి. విన్నవాళ్లు క్లినిక్కు రావడం మానేశారు గానీ, పొడులు మానలేదు. అందుకని ఆయన మాత్రలో సగం మందు తీసేసి సుద్ద నింపుతున్నా. అదే రంగు, అదే సైజు."

"మరి మొన్నెందుకు పడ్డారు?"

"మొన్న పూతరేకుల కొట్టు మూసేశారు కదండీ."

అనేసి, నాలిక్కరుచుకున్నట్టు దీపం ఆర్పి మళ్లీ వెలిగించింది. "ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పకూడదండి. మీరు విననట్టే."

సాయంత్రం వాకింగు ఏ వీధి దాకా సాగుతోందో లాస్యమ్మకు ఇన్నాళ్లకు తెలిసింది. తిట్టుకోవాలో నవ్వుకోవాలో తేల్చుకోలేక, "పొడి ఇవాళ్టితో బంద్. ఆ వాకింగు సంగతి నేను చూసుకుంటా. మాత్ర పూర్తిగా ఇచ్చెయ్," అంది.

"మీరు మానేస్తే ఆయన రక్తమే చెబుతుందండి. అప్పుడు ఇస్తా. నోటి మాట నమ్మడం నాకు నేర్పలేదు."

ఆవిడ మూతి ముడుచుకుని తన వేలు పెట్టింది. బీపీ మాత్రలు గలగలా రాలాయి. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసింది. పైకి అదే రంగు, అదే సైజు.

"ఇవి అసలు మాత్రలేనా? నాకూ సుద్దేనా?"

అడగకముందే జవాబు చెప్పే యంత్రం ఈసారీ దీపం ఆర్పి వెలిగించింది.

"ఆ రహస్యం మీది కాదండి," అంది.

బయటనుంచి ప్రణీతరావు గారి కేక వినిపించింది: "ఇంకా అవలేదేవిటే? రా రా, ఇంటికెళ్లగానే మాంఛి కాఫీ కలిపిస్తా!"