మట్టి ముట్టని దుప్పటి

పొద్దున్నే దాణా కలపడం ఆ ఇంట్లో కోడలి పని. ఆవులన్నీ మెడలు చాచి ఆమెనే చూస్తుంటే, గూట్లోని డబ్బా దించి, క్రిముల్ని చంపే తెల్లటి మందుపొడి గరిటెతో తీసి తొట్టెలో చల్లి, మోచేతుల దాకా కలిపేది. జబ్బు చేసిన ఆవుకీ, నిక్షేపంలా ఉన్న ఆవుకీ ఒకటే వడ్డన. ఒకసారి అంటురోగం వచ్చి పాక సగం ఖాళీ అయినప్పటి నుంచి ఆమె భర్త పెట్టిన పద్ధతి అది.

మొన్నామధ్య గిట్ట పుండు చూడటానికి వచ్చిన పశువుల డాక్టరమ్మ ఆ డబ్బా చూసి మొహం చిట్లించింది.

"జబ్బు లేనిదానికి ఎందుకమ్మా ఇది? మింగినదాంట్లో చాలా భాగం పేడలోనే పోతుంది."

"పోతే పోనీలెండి, పేడకేమన్నా జ్వరం వస్తుందా" అని కోడలు నవ్వేసింది.

ఆ పేడే ఇంటి వెనక మామగారి చిక్కుడు మడికి పోయేది. నిరుడు కాపు పలచబడింది. ఈ ఏడు మొక్కలు మోకాలెత్తున ఆగి పసుపు తిరిగాయి. మడి నీరసించే కొద్దీ కోడలు ఇంకో తట్ట, ఇంకో తట్ట అంటూ పేడ మోసింది. తండ్రిని ఎరగని పిల్ల. మామగారి కోసం చేయగలిగింది అదొక్కటే అనుకుంది.

ఆ రోజు ఆమె దాణా కలిపి వచ్చేసరికి వంటింట్లో మాట పెరిగింది.

"రేపు మేస్త్రీ వస్తాడు నాన్నా. మడి చదును చేసి గచ్చు పోయిస్తా. రెండో పాక పడుతుంది."

"ఇంకా పూత రావాలి కదరా."

"ఏం పూత? నిరుడూ ఇదే పాట. నీళ్లు పెట్టావో లేదో నీకే గుర్తుండదు. వయసైపోయింది, కూర్చుని తినవయ్యా అంటే వినవు."

"మావయ్య రోజూ నీళ్లు పెడుతూనే ఉన్నారు, నేను చూస్తున్నాగా" అంది కోడలు.

"నువ్వు వకాల్తా పుచ్చుకోకు."

మామగారు గ్లాసు కింద పెట్టి లేచారు. "దుప్పటి తీసి చూస్తాను. అది ఎలా చెబితే అలా చేద్దాం."

అది ఆ ఇంటి అలవాటు. అత్తగారు బతికుండగా విత్తనం పెట్టిన రోజే మడిలో ఒక పాత నూలుగుడ్డ పూడ్చేది. కొన్నాళ్లకు తవ్వితే అది పోగులు పోగులై రావాలి. "నేలకి ఆకలి బాగుంది" అని మురిసిపోయేది. ఆమె పోయాక, ఈ ఏడు విత్తనం పెట్టిన రోజున, ఆమె కప్పుకున్న నూలు దుప్పటినే మామగారు రెండుగా చింపారు. ఒక సగం మడిలో, ఒక సగం ఆమె గుడ్డలుతికే బండ పక్కన పూడ్చారు.

ముగ్గురూ మడి దగ్గరికి వెళ్లారు. మామగారు తవ్వితే మడిలోని సగం చెక్కుచెదరకుండా వచ్చింది. ఆమె చేత్తో వేసిన అంచు కుట్టు కూడా ఊడలేదు. చుట్టూ నిరుటి పేడ ఉండలు ఉండలుగా అలాగే ఉంది. ఒక్క వానపామూ కనిపించలేదు. మామగారు ఒక చిక్కుడు మొక్క పీకి చూశారు. మంచి నేలలో అయితే వేళ్ల నిండా ఉండాల్సిన చిన్న చిన్న బుడిపెలు లేవు. నున్నటి వేళ్లు.

"నా చేతిలో చలవ లేదమ్మా ఇక" అన్నారు. "మీ అత్త దుప్పటి కూడా నేల నా చేతి మీదుగా తీసుకోలేదు."

కొడుకు వైపు తిరిగి, "మేస్త్రీని రమ్మను" అని లోపలికి వెళ్లిపోయారు.

కోడలు ఒక్కతే పార పట్టుకుని బండ దగ్గరికి నడిచింది. తవ్వితే నల్లటి మట్టి, మెలికలు తిరుగుతున్న వానపాములు, వాటి మధ్య గుప్పెడు చివికిన పోగులు. అదే దుప్పటి. పూడ్చిందీ ఆ చేయే. ఇక్కడికి మాత్రం పేడ తట్ట ఏనాడూ రాలేదు.

మందు చాలా భాగం పేడలోనే పోతుందన్న డాక్టరమ్మ మాట చెవిలో గింగురుమంది. కోడలు పార వదిలేసి, పోగుల్ని గుప్పిట్లోకి తీసుకుంది.

ఆ పోగులూ, ఆ దుప్పటి సగమూ తెచ్చి భర్త ముందు పెట్టింది.

"మడి చచ్చింది మావయ్య వల్ల కాదు. మన మందు వల్ల. పేడలో పోయి మట్టిలో ఉండే ప్రాణాలన్నిటినీ చంపింది."

"మందు ఆపేసి, మళ్లీ రోగం వస్తే? ఆ రోజు చచ్చిన ఆవుల్ని ఈడ్చింది నువ్వు కాదు, నేను."

"జబ్బు చేసినదానికి ఇద్దాం. వద్దనడం లేదు."

"ఇన్నాళ్లూ కలిపింది నువ్వే కదా. ఇప్పుడు నాకు చెప్పొస్తున్నావా?"

"నేనే. కలిపిందీ నేనే, మోసి పోసిందీ నేనే." ఆమె దుప్పటి సగాన్ని భర్త వైపు జరిపింది. "మావయ్య మాత్రం తన చేయే చచ్చిందనుకుంటున్నారు. కనీసం పొద్దున మీరన్న మాటైనా వెనక్కి తీసుకోండి."

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో. వచ్చి, పోగుల్ని అరచేతిలోకి తీసుకుని వాసన చూశారు.

కొడుకు దుప్పటి అంచు కుట్టు తడిమాడు. "నీ చేతికేం కాలేదు నాన్నా" అన్నాడు. ఫోను తీసుకుని, మేస్త్రీని రావద్దని చెప్పడానికి బయటికి నడిచాడు.

"మళ్లీ ప్రాణం వస్తుందా అమ్మా మడికి?" అడిగారు మామగారు.

"తెలీదు మావయ్యా. ఏళ్లు పట్టొచ్చు. రాకపోనూవచ్చు."

మామగారికి అన్నేళ్లు లేవని ఇద్దరికీ తెలుసు. ఆయన దుప్పటి సగాన్ని మడిచి ఆమెకి అందించారు.

"మళ్లీ మడిలోనే పూడ్చు. నీ చేత్తో."

"ఈ చేత్తోనా?"

"ఈ చేత్తోనే."

గోళ్ల సందున ఇంకా పొద్దుటి తెల్లపొడి ఉంది. ఆమె ముందు కుళాయి దగ్గరికి వెళ్లి, ఏడుస్తూ, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది.